హెపటైటిస్‌-సి చికిత్సలో రక్తకణాలు తగ్గితే ఏం చేయాలి?

హెపటైటిస్‌-సికి మందులు వాడుతున్నవారి ఉత్తరాలు ఈసారి ఒక కట్టగా వచ్చాయి. దాదాపు ప్రతి ఉత్తరానికీ ఒక సీబీపీ, అంటే రక్తకణాల లెక్క చూపే పరీక్ష, రిపోర్టు జతచేసి ఉంది. రిపోర్టులో ఏదో ఒక అంకె కింద ఎర్ర సిరాతో గీత గీసి ఉంది. ఆ గీత గీసింది ల్యాబువారు కాదు, ఇంట్లోవారు. అంకె ఎందుకు తగ్గిందన్న ప్రశ్న మాత్రం ఒకరిద్దరు తప్ప ఎవరూ అడగలేదు. అందుకే ఈ జవాబులన్నీ ఆ ప్రశ్నతోనే మొదలుపెడుతున్నాను.

ప్రశ్న: మావారి వయసు 58, బరువు 62 కిలోలు. హెపటైటిస్‌-సి వల్ల సిరోసిస్‌ (కాలేయం గట్టిపడటం) వచ్చి, నిరుడు పొట్టలో నీరు చేరింది. ప్రభుత్వ ఆసుపత్రిలో సోఫోస్‌బువిర్‌, వెల్పటాస్విర్‌ కలిసి ఉన్న మాత్ర రోజుకు ఒకటి, దానితోపాటు రిబావిరిన్‌ మాత్రలు ఉదయం రెండు, రాత్రి మూడు ఇచ్చారు. మొదలుపెట్టిన రోజు హిమోగ్లోబిన్‌ 12.4. మూడో వారానికి 9.6కు దిగింది. మేడ మెట్లు ఎక్కితే ఆయాసపడుతున్నారు, కళ్లు కూడా కాస్త పచ్చబడ్డాయి. మందులు వికటించాయి, అన్నీ ఆపేయమని మా ఆడపడుచు పట్టుబడుతున్నారు. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు రక్తం పడుతుందని ఐరన్‌ టానిక్‌ ఇచ్చారు. ఏం చేయమంటారు? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, మందులిచ్చిన ఆసుపత్రికి ఈరోజే ఫోను చేసి ఆ రెండు హిమోగ్లోబిన్‌ అంకెలూ, ఆయాసం సంగతీ, కళ్ల సంగతీ చెప్పండి. ఈలోగా మీ అంతట మీరు ఏ మాత్రా ఆపకండి, టానిక్‌ సీసా మాత్రం మూత బిగించి పక్కన పెట్టండి. ఎందుకో వివరిస్తాను.

మీ ఇంట్లో ఉన్నవి రెండు వేర్వేరు మందులు. రోజుకొకటి వేసుకునే మాత్ర వైరస్‌ను చంపే అసలు మందు, దానివల్ల రక్తం తగ్గదు. రిబావిరిన్‌ దానికి తోడుగా ఇచ్చినది, హిమోగ్లోబిన్‌ను కిందికి లాగింది చాలావరకు ఇదే అయి ఉంటుంది. ఈ మందు ఎర్రకణంలోకి సులువుగా దూరి, అక్కడ ఫాస్ఫేటు తగిలించుకుని బయటికి రాలేక చిక్కుకుపోతుంది. మిగతా కణాల్లో ఆ ఫాస్ఫేటును విడదీసే ఎంజైములు ఉంటాయి, ఎర్రకణంలో ఉండవు. అలా పేరుకున్న మందు కణం తాలూకు శక్తిని హరించి దాని పొరను బలహీనపరుస్తుంది. దాంతో సుమారు 120 రోజులు బతకవలసిన ఎర్రకణాన్ని ప్లీహం, కాలేయం కలిసి ఎంతో ముందే ఏరి పారేస్తాయి. సాధారణంగా మొదటి నాలుగు వారాల్లోపే హిమోగ్లోబిన్‌ రెండు మూడు గ్రాములు పడిపోతుంది, ఆ తర్వాత ఎముక మజ్జ వేగం పెంచుకుని కొత్త కణాలను పంపడంతో ఒకచోట నిలదొక్కుకుంటుంది. మీవారికి పడింది 2.8 గ్రాములు, అదీ మూడో వారంలో. అంటే ఇది మందు వికటించడం కాదు, ఈ మందు చేస్తుందని ముందే తెలిసిన పనే.

కళ్లు పచ్చబడటానికి కూడా ఇదే కారణం కావచ్చు, ఎందుకంటే ఎర్రకణాలు విచ్ఛిన్నమైనప్పుడు బిలిరుబిన్‌ అనే పచ్చని పదార్థం పెరుగుతుంది. అయితే పొట్టలో నీరు చేరిన కాలేయం విషయంలో ఆ మాట అనుకుని ఊరుకోకూడదు. బిలిరుబిన్‌ను రెండు భాగాలుగా విడదీసి చూపే పరీక్షలో ఇన్‌డైరెక్ట్‌ భాగం మాత్రమే పెరిగి, కాలేయం తయారుచేసే ఆల్బుమిన్‌ అనే ప్రోటీను, రక్తం గడ్డకట్టే తీరును చూపే ఐఎన్‌ఆర్‌ మునుపటిలాగే ఉంటే అది కణాల విచ్ఛిన్నం తాలూకు పచ్చదనమని ధైర్యంగా ఉండవచ్చు. డైరెక్ట్‌ భాగం పెరిగినా, ఐఎన్‌ఆర్‌ పెరిగినా కాలేయమే మరింత అలసిపోతోందేమోనని వైద్యులు చూడాలి. సీబీపీతోపాటు ఈ పరీక్షలు కూడా చేయమని మీరే అడగండి.

ఇక మోతాదు. ఆయన వేసుకుంటున్నది రోజుకు 1,000 మిల్లీగ్రాములు, 75 కిలోల లోపు బరువున్నవారికి అదే పూర్తి మోతాదు. గుండె జబ్బు లేనివారిలో హిమోగ్లోబిన్‌ 10 గ్రాముల కిందికి వస్తే దాన్ని 600 మిల్లీగ్రాములకు తగ్గించడం, 8.5 కిందికి వస్తే రిబావిరిన్‌ను పూర్తిగా ఆపడం స్థిరపడిన పద్ధతి. గుండె జబ్బు ఉన్నవారిలో అంత దూరం రానివ్వరు, నాలుగు వారాల వ్యవధిలో రెండు గ్రాములు పడిందంటేనే తగ్గిస్తారు. కాబట్టి మీవారికి ఎప్పుడైనా ఛాతీనొప్పి వచ్చి ఉన్నా, స్టెంట్‌ వేసి ఉన్నా ఆ విషయం ఆసుపత్రివారికి మళ్లీ ఒకసారి చెప్పండి. మొదటి రోజు కేస్‌ షీటులో రాసే ఉంటారు కదా అనుకోకండి. 9.6 అంటే ఆయన మోతాదు తగ్గించే గీత దాటారు. బహుశా ఉదయం ఒకటి, రాత్రి రెండు వేసుకోమంటారు. ఎంత తగ్గించాలన్నది మాత్రం మూత్రపిండాల పరీక్ష చూసి వారే చెప్పాలి, ఎందుకంటే ఈ మందు బయటికి పోయే ముఖ్యమైన దారి మూత్రపిండాలే. మోతాదు తగ్గించిన మర్నాడే అంకె పెరగలేదని దిగులుపడవద్దు. కొన్ని వారాలు వాడిన రిబావిరిన్‌ ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు 12 రోజులు పడుతుంది. పది, పదిహేను రోజులకు మళ్లీ సీబీపీ చేయిస్తే ఫలితం కనిపించడం మొదలవుతుంది.

మీ ఆడపడుచు అడగబోయే ప్రశ్నకు కూడా జవాబు రాస్తున్నాను: ఇంత ఇబ్బంది పెట్టే మందు అసలెందుకు ఇచ్చారు? పొట్టలో నీరు చేరే దశకు వచ్చిన సిరోసిస్‌ రోగులపై జరిగి, 2015లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో రోజుకొక మాత్రను ఒంటరిగా 12 వారాలు వాడినవారిలో నూటికి 83 మందికి వైరస్‌ పోతే, రిబావిరిన్‌ తోడైనప్పుడు 94 మందికి పోయింది. మన దేశంలో ఎక్కువగా కనిపించే మూడో జన్యురకం వైరస్‌లో ఆ తేడా ఇంకా ఎక్కువగా, 50కీ 85కీ మధ్య ఉన్నంతగా కనిపించింది, ఆ రకం రోగుల సంఖ్య అందులో చాలా తక్కువ అయినప్పటికీ. అందుకే ఇచ్చారు. మోతాదు తగ్గించినంత మాత్రాన ఆ లాభం చేజారిపోదు. రిబావిరిన్‌ బొత్తిగా పడకపోతే దాన్ని మానేసి, అసలు మాత్రను 24 వారాలు కొనసాగించే మార్గం కూడా ఉంది. చేయకూడని పని ఒక్కటే, భయపడి రోజుకొక మాత్రను కూడా ఆపడం. రక్తం తగ్గడానికి దానికీ సంబంధం లేదు, మధ్యలో ఆపితే లొంగుతున్న వైరస్‌ మళ్లీ విజృంభిస్తుంది.

ఇప్పుడు టానిక్‌ సంగతి. ఇనుము లోపించి రక్తం తగ్గినవారికి అది మందే. మీవారికి తగ్గింది ఇనుము కాదు, కణాల ఆయుష్షు. విరిగిన కణాల్లోని ఇనుము ఒంట్లోనే ఉంటుంది, మజ్జ దాన్నే మళ్లీ వాడుకుంటుంది. పైగా హెపటైటిస్‌-సి సోకిన కాలేయంలో ఇనుము ముందే పేరుకుని ఉండే అవకాశం ఉంది, కాబట్టి ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్‌ పరీక్షలో లోపం తేలితే తప్ప ఇవ్వకూడదు. వీటన్నిటికంటే నన్ను భయపెట్టేది మరొకటి. ఐరన్‌ టానిక్‌ తాగితే విరేచనం నల్లగా అవుతుంది. సిరోసిస్‌ ఉన్న మనిషిలో అన్నవాహికలో ఉబ్బిన రక్తనాళాలు చిట్లితే కనిపించే గుర్తు కూడా నల్లటి, తారులాంటి విరేచనమే. రిబావిరిన్‌ వల్ల తగ్గిందనుకున్న రక్తం నిజానికి కడుపులోకి కారిపోతూ ఉంటే ఆ సంగతి చెప్పే ఒకే ఒక్క సాక్షిని ఈ టానిక్‌ నోరు మూయిస్తుంది. టానిక్‌ ఆపిన నాలుగైదు రోజుల తర్వాత కూడా నల్లటి విరేచనం అవుతున్నా, నెత్తురు వాంతి అయినా, కళ్లు తిరిగి పడిపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా అది ఫోను చేసి అడిగే సమయం కాదు, అర్ధరాత్రి అయినా సరే పెద్దాసుపత్రికి తీసుకువెళ్లండి.

ఆర్‌ఎంపీ గారు టానిక్‌తోపాటు పరగడుపున వేసుకోమని గ్యాస్‌ మాత్ర కూడా ఇచ్చి ఉంటే ఆ సంగతి కూడా ఆసుపత్రిలో చెప్పండి, పాంటోప్రజోల్‌ వంటి మందులు వెల్పటాస్విర్‌ను ఒంటికి సరిగా పట్టనివ్వవు. రక్తం ఎక్కించమని మీరై అడగవద్దు. హిమోగ్లోబిన్‌ ఏడు గ్రాముల దగ్గరికి వచ్చినప్పుడో, గుండెకు ఇబ్బంది కలిగినప్పుడో తప్ప ఎక్కించరు. అవసరానికి మించి ఎక్కిస్తే ఆ ఉబ్బిన నాళాల్లో ఒత్తిడి పెరుగుతుంది. దానిమ్మ, బీట్‌రూట్‌, ఖర్జూరం ఆహారంగా పెట్టండి, అవి అంకెను పెంచుతాయని మాత్రం ఎదురుచూడకండి. గుడ్డు, పప్పు, పెరుగు బాగా తిననివ్వండి. పొట్టలో నీరు చేరిన మనిషి కాబట్టి ఆవకాయ, అప్పడాల మీద మాత్రం చేయి బిగపట్టండి. ఆయన మంచం ఈ రెండు నెలలూ కింది గదిలోకి మార్చండి, మెట్ల ఆయాసానికి అంతకంటే చవకైన వైద్యం నాకు తెలియదు.

ప్రశ్న: నా వయసు 46. నాకు హెపటైటిస్‌-సి ఉందని రెండు నెలల క్రితం తెలిసింది. ప్లేట్‌లెట్లు 62,000 మాత్రమే ఉన్నాయి, పొట్టలో నీరు లేదు. 12 వారాలు మందులు వాడాలని డాక్టరుగారు అంటున్నారు. ప్లేట్‌లెట్లు పెంచుకున్నాకే మొదలుపెట్టమని స్నేహితులు చెబుతున్నారు. మా బావమరిది రోజూ బొప్పాయి ఆకు రసం, తిప్పతీగ కషాయం తెచ్చి ఇస్తున్నాడు. ఒక పన్ను కూడా పీకించుకోవలసి ఉంది. మందుల వల్ల ప్లేట్‌లెట్లు ఇంకా పడిపోవా? – ఒక పాఠకుడు, కరీంనగర్‌

జవాబు: మన ఇళ్లకు ప్లేట్‌లెట్‌ అనే మాటను నేర్పింది డెంగీ. అందుకే ఆ అంకె తగ్గిందనగానే అందరికీ డెంగీ వైద్యమే గుర్తుకొస్తుంది. డెంగీలో ప్లేట్‌లెట్లు నాలుగు రోజుల్లో పడిపోయి, ఆ తర్వాత వాటంతట అవే లేస్తాయి. అప్పుడు చేతిలో బొప్పాయి రసం గ్లాసు ఉంటే పేరు దానికి వస్తుంది. మీ సంగతి వేరు. ఇది ఏళ్ల తరబడి నెమ్మదిగా జరిగింది.

మామూలు మనిషిలో కూడా మొత్తం ప్లేట్‌లెట్లలో మూడో వంతు ప్లీహంలోనే ఉంటాయి. కాలేయం గట్టిపడి, దానిగుండా రక్తం సాఫీగా పోలేనప్పుడు ఒత్తిడి వెనక్కి తన్ని ప్లీహం ఉబ్బుతుంది. బాగా ఉబ్బిన ప్లీహం నూటికి 90 వరకు ప్లేట్‌లెట్లను తనలోనే ఉంచేసుకోగలదు. పండిన ధాన్యమంతా ఒకే గాదెలో ఇరుక్కుపోయి బజారుకు రానట్టు అనుకోండి. పంట కూడా కొంత తగ్గుతుంది, ఎందుకంటే ప్లేట్‌లెట్లను తయారుచేయమని మజ్జకు కబురు పంపే త్రాంబోపోయిటిన్‌ అనే హార్మోను పుట్టేది ముఖ్యంగా కాలేయంలోనే. బొప్పాయి ఆకు గాదె తలుపు తీయలేదు, కాలేయాన్ని బాగుచేయలేదు. తిప్పతీగ విషయంలో నేను ఇంకా గట్టిగా చెబుతాను: దానివల్ల కాలేయం దెబ్బతిన్న రోగులను మన దేశంలో వైద్యులు చూశారు. దెబ్బతిన్న కాలేయం మీద దాన్ని ప్రయోగించడం మానండి. మీ బావమరిది ప్రేమను కాదనలేకపోతే దానికి బదులు రెండు గుడ్లు తెమ్మనండి.

మీరు వాడబోయే మందుల్లో ఇంటర్‌ఫెరాన్‌ లేదు. పొట్టలో నీరు లేదు కాబట్టి రిబావిరిన్‌ కూడా సాధారణంగా అక్కరలేదు. ఈ మాత్రలు ప్లేట్‌లెట్లను తగ్గించవు. ఒకప్పుడు ఇంటర్‌ఫెరాన్‌ ఇంజక్షన్ల రోజుల్లో 62,000 ఉన్న రోగికి చికిత్స మొదలుపెట్టడానికి మేము వెనకాడేవాళ్లం. ఆ పాత భయమే ఇప్పటికీ జనం నోట్లో నానుతోంది. ఇప్పుడు పద్ధతి తలకిందులైంది, ప్లేట్‌లెట్లు పెరగాలంటే వైరస్‌ పోవాలి. వైరస్‌ పోయి, కాలేయంలో వాపు తగ్గాక చాలామందిలో ఈ అంకె మెల్లగా లేస్తుంది. కాబట్టి ఎదురుచూస్తూ కూర్చోవడం వల్ల పోయేది మీ కాలమే.

అయితే ఆ 62,000 నిజమేనా అన్నది ఒకసారి సరిచూసుకోవాలి. సీబీపీకి రక్తం తీసే ఊదారంగు మూత గొట్టంలో గడ్డకట్టకుండా ఒక రసాయనం ఉంటుంది. కొద్దిమంది రక్తంలో ఆ రసాయనం వల్లే ప్లేట్‌లెట్లు గుంపులు కట్టి, యంత్రం గుంపునంతా ఒకటిగా లెక్కపెట్టడమో, అసలు లెక్కలోకే తీసుకోకపోవడమో జరుగుతుంది. గాజుపలక మీద రక్తాన్ని పరిచి సూక్ష్మదర్శినిలో చూస్తే ఆ గుంపులు కనిపిస్తాయి. అనుమానం ఉంటే నీలిమూత గొట్టంలో మళ్లీ తీసి లెక్కిస్తారు. దీని తర్వాత కూడా అంకె అదే అయితే, ప్రతిసారీ ఒకే ల్యాబులో చేయించండి. 62,000 ఒకచోట, 71,000 మరోచోట వస్తే అది పెరుగుదల కాదు, యంత్రాల తేడా.

అంకె నిజమని తేలితే అది రక్తం కంటే కాలేయం గురించే ఎక్కువ చెబుతోంది. కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్‌ చేయించండి. ప్లేట్‌లెట్లు లక్షన్నర దాటి, ఫైబ్రోస్కాన్‌ 20 కిలోపాస్కల్‌లోపు ఉన్నవారికి ఎండోస్కోపీ వాయిదా వేయవచ్చు కానీ మీకు ఆ వెసులుబాటు లేదు. అన్నవాహికలో నాళాలు ఉబ్బి ఉంటే కార్వెడిలాల్‌ వంటి మాత్రలతోనో, బ్యాండ్లు వేసో రక్తస్రావాన్ని ముందే ఆపవచ్చు. ఇది హెపటైటిస్‌ మందులతో పాటే సాగిపోయే పని, దీనికోసం అవి ఆగనక్కరలేదు.

పన్ను సంగతి: దంతవైద్యుడికి ముందే ఈ రిపోర్టు చూపండి. 50,000 దాటి ఉంటే చాలావరకు ప్లేట్‌లెట్లు ఎక్కించకుండానే, కుట్టు వేసి, మందు దూది అదిమి పన్ను తీయగలుగుతారు. నొప్పికి డైక్లోఫెనాక్‌, ఐబుప్రోఫెన్‌, ఆస్పిరిన్‌ వద్దు. అవి ప్లేట్‌లెట్ల పనితనాన్ని తగ్గిస్తాయి, కడుపులో పుండ్లు చేస్తాయి, సిరోసిస్‌ ఉంటే మూత్రపిండాలను కూడా దెబ్బతీస్తాయి. పారాసిటమాల్‌ రోజుకు రెండు గ్రాములు మించకుండా వాడవచ్చు. నడుంనొప్పి అనో, జ్వరం అనో పిరుదుకు సూది వేయించుకునే అలవాటు మనవాళ్లకు ఎక్కువ. ప్లేట్‌లెట్లు ఇలా ఉన్నప్పుడు ఆ కండలో రక్తం గడ్డకట్టి నిమ్మకాయంత వాపుతో వచ్చినవారిని నేను చూశాను. ముక్కు నుంచి, చిగుళ్ల నుంచి రక్తం ఆగకుండా కారుతున్నప్పుడు తప్ప ప్లేట్‌లెట్లు ఎక్కించాలని అడగకండి. ఎక్కించినవాటిని కూడా ఆ ప్లీహమే మింగేస్తుంది.

ప్రశ్న: నాకు 61 ఏళ్లు, రిటైర్డ్‌ టీచరును. పదేళ్లుగా షుగరు ఉంది. హెపటైటిస్‌-సికి రిబావిరిన్‌ కలిపి మందులు వాడుతున్నాను. మూడు నెలల సగటు చూపే పరీక్ష మందులకు ముందు 8.4 ఉండగా, రెండు నెలలకే 6.1కి దిగింది. హిమోగ్లోబిన్‌ 10.3. రక్తం తగ్గితే తగ్గింది, షుగరు బాగుపడిందని సంతోషించి ఒక షుగరు మాత్ర మానేశాను. సరైన పనేనా? – ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: కాదండీ. ఆ 6.1ని నమ్మకండి. ఈ పరీక్ష ఎర్రకణంలోని హిమోగ్లోబిన్‌కు ఎంత చక్కెర అంటుకుందో కొలుస్తుంది. కణం రక్తంలో ఎన్ని రోజులు తిరిగితే అంత చక్కెర అంటుకుంటుంది. రిబావిరిన్‌ వల్ల మీ పాత కణాలన్నీ ముందే రాలిపోయి, ఇప్పుడు తిరుగుతున్నవి ఎక్కువగా కొత్తవి. వాటికి చక్కెర అంటుకునేంత వయసే రాలేదు. తరగతిలో పదోతరగతి పిల్లలను పంపించేసి, ఒకటో తరగతి పిల్లలను కూర్చోబెట్టి సగటు ఎత్తు తగ్గిందన్నట్టుంది ఈ లెక్క.

రిబావిరిన్‌ వాడినన్నాళ్లూ, ఆపిన తర్వాత మూడు నెలల వరకూ ఈ పరీక్ష మీద ఆధారపడకండి. గ్లూకోమీటరుతో పరగడుపున, భోజనమైన రెండు గంటలకు చూసుకుని నోటుబుక్కులో రాసి, ఆ అంకెలతో మీ షుగరు డాక్టరును కలవండి. మానేసిన మాత్ర మళ్లీ వేసుకోవాలో లేదో ఆ పుస్తకం చూసి చెబుతారు. ఇందులో ఒక మెలిక కూడా ఉంది: వైరస్‌ తగ్గుతున్నకొద్దీ కొందరిలో షుగరు నిజంగానే కొంత మెరుగవుతుంది, పాత మోతాదుకు లో షుగరు వచ్చే అవకాశం కూడా ఉంటుంది. చెమటలు, వణుకు, గుండెదడ వస్తే దాన్ని రక్తహీనత ఖాతాలో వేయక, ముందు వేలు గుచ్చి చూసుకోండి.

ప్రశ్న: నేను న్యూజెర్సీలో ఉంటున్నాను. 2008లో వారానికొక ఇంటర్‌ఫెరాన్‌ ఇంజక్షన్‌, రోజూ రిబావిరిన్‌ వాడాను. తెల్లకణాలు బాగా పడిపోయాయి, వాటిలో ఒక రకమైన న్యూట్రోఫిల్స్‌ 600కు వస్తే వాటిని పెంచే ఇంజక్షన్లు ఇచ్చారు. ఆరు నెలలకు వైరస్‌ ఇంకా ఉందని చికిత్స ఆపేశారు. ఆ ఆరు నెలలు తలచుకుంటే ఇప్పటికీ భయం. ఇప్పుడు మళ్లీ మందులు వాడమంటున్నారు. తెల్లకణాలు మళ్లీ అలాగే పడిపోతాయా? – ఒక పాఠకుడు, అమెరికా

జవాబు: పడిపోవు. మీ తెల్లకణాలను అణచింది ఇంటర్‌ఫెరాన్‌, అది ఎముక మజ్జనే మందగింపజేసేది. ఇప్పుడు మీకివ్వబోయే చికిత్సలో అది ఉండదు. మాత్రలు నేరుగా వైరస్‌ మీదే పనిచేస్తాయి, మజ్జ జోలికి పోవు. 2008లో జరిగింది మీ శరీరం చేసిన తప్పు కాదు. 48 వారాల ఆ చికిత్స పూర్తిచేసినవారిలో కూడా మొదటి జన్యురకం ఉన్నవారికి సగం మందికే నయమయ్యేది. సగం చికిత్సలో వైరస్‌ కనిపిస్తే ఆపేయడం అప్పటి నియమం.

ఆ రోజులు మాకు కూడా గుర్తే. ప్రతి రిపోర్టు మీద పెన్సిలుతో ఒక లెక్క వేసేవాళ్లం: మొత్తం తెల్లకణాలు 2,000, అందులో న్యూట్రోఫిల్స్‌ నూటికి 30, అంటే 600. ఆ లెక్క 750 కిందికి వస్తే ఇంజక్షన్‌ మోతాదు తగ్గించేవాళ్లం, 500 కిందికి వస్తే ఆపేవాళ్లం. న్యూట్రోఫిల్స్‌ను పెంచే ఇంజక్షన్‌, హిమోగ్లోబిన్‌ను పెంచే ఇంజక్షన్‌, నడుమ రోగికి కుంగుబాటు తగ్గే మాత్ర, ఇన్ని ఊతకర్రల మీద ఆ చికిత్స నడిచేది. అంత తగ్గినా పెద్ద పెద్ద ఇన్‌ఫెక్షన్లు మేము భయపడినంతగా రాలేదన్నది తర్వాత తెలిసిన ఊరట. 2013 డిసెంబరులో సోఫోస్‌బువిర్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది. అక్కడ 12 వారాలకు 84,000 డాలర్ల ధర పెట్టిన ఆ మందును 2015 నుంచి మన హైదరాబాదు కంపెనీలు కూడా తయారుచేసి అందులో చిన్న వంతు ధరకు అమ్మాయి. 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్‌ హెపటైటిస్‌ నియంత్రణ కార్యక్రమం కింద ఇక్కడి ప్రభుత్వ కేంద్రాల్లో ఇప్పుడు ఉచితంగానే ఇస్తున్నారు.

మీరు రెండు పనులు చేయండి. మందు మొదలుపెట్టకముందే ఒక సీబీపీ తీయించి, తెల్లకణాలు ఇప్పుడు ఎంత ఉన్నాయో చూడండి. ఇంటర్‌ఫెరాన్‌ ఆపిన ఇన్నేళ్ల తర్వాత కూడా తక్కువగా ఉంటే దానికి కారణం ఆ ఇంజక్షన్‌ కాదు, ప్లీహం ఉబ్బిందేమో, బీ12 లోపమేమో, మరో మందు ఏదైనా వాడుతున్నారేమో వెతకాలి. కాలేయం సిరోసిస్‌కు వచ్చిందో లేదో తేల్చుకోండి, ఎన్ని వారాలు వాడాలన్నది దానిమీదా, జన్యురకం మీదా ఆధారపడి ఉంటుంది. హెపటైటిస్‌-బి పరీక్ష కూడా తప్పక చేయించండి. సి వైరస్‌ తగ్గుతుంటే, దాగి ఉన్న బి వైరస్‌ తలెత్తే ప్రమాదం ఉంది.

ప్రశ్న: మా తమ్ముడికి వారానికి మూడుసార్లు డయాలసిస్‌ చేస్తున్నారు. హెపటైటిస్‌-సి బయటపడింది. హిమోగ్లోబిన్‌ 8.6. ఇంత తక్కువ రక్తంతో మందులు వాడవచ్చా? – ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: వాడవచ్చు. అతనికి రక్తం తక్కువ ఉన్నది హెపటైటిస్‌ వల్ల కాదు, మూత్రపిండాలు తయారుచేయవలసిన, ఎర్రకణాలను పుట్టించే ఎరిత్రోపోయిటిన్‌ అనే హార్మోను తగ్గడం వల్ల. డయాలసిస్‌ రోగికి సోఫోస్‌బువిర్‌, వెల్పటాస్విర్‌ మాత్రలు మోతాదు మార్చకుండానే ఇవ్వవచ్చు. రిబావిరిన్‌ మాత్రం వద్దు. మూత్రపిండాలు పనిచేయనప్పుడు అది ఒంట్లోనే పోగుపడుతుంది, డయాలసిస్‌ దాన్ని సరిగా తీసివేయలేదు. ఎరిత్రోపోయిటిన్‌ ఇంజక్షన్లు, ఇనుము ఇంజక్షన్లు ఎప్పటిలాగే నెఫ్రాలజిస్టు సలహాతో కొనసాగించండి. మీరు ఇంతకుముందు చదివిన ఐరన్‌ టానిక్‌ హెచ్చరిక అతనికి వర్తించదు, డయాలసిస్‌ రోగుల్లో ఇనుము లోపం సాధారణం, పరీక్ష చూసే ఇస్తారు. వీలైతే రక్తం ఎక్కించకుండా నెట్టుకురమ్మంటాను, మూత్రపిండం మార్పిడి ఆశ ఉన్నవారికి ఎక్కించిన ప్రతి సీసా ఆ దారిలో ఒక ఇబ్బందే.

ప్రశ్న: మా పాపకు 11 ఏళ్లు. తలసీమియా వల్ల నెలనెలా రక్తం ఎక్కిస్తున్నాం, అలాగే హెపటైటిస్‌-సి సోకింది. చికిత్సలో రక్తం ఇంకా తగ్గుతుందా? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: రిబావిరిన్‌ లేని చికిత్సతో తగ్గదు. తలసీమియాలో ఆ మందు నిషిద్ధం, ఎవరు రాసినా వద్దని చెప్పండి. మూడేళ్లు నిండిన పిల్లల నుంచి వాడదగిన మాత్రలు ఇప్పుడున్నాయి, మోతాదు బరువును బట్టి ఉంటుంది. రక్తం ఎక్కించడం, ఇనుమును తీసివేసే మందు రెండూ యథావిధిగా సాగాలి.

ప్రశ్న: 12 వారాల చికిత్స పోయిన నెలలో పూర్తయింది, చివరిదాకా రిబావిరిన్‌ కూడా వాడాను. హిమోగ్లోబిన్‌ 10.1, ప్లేట్‌లెట్లు 84,000. ఇవి ఎప్పటికి మామూలవుతాయి? – ఒక పాఠకుడు, నిజామాబాదు

జవాబు: హిమోగ్లోబిన్‌ ముందు లేస్తుంది. రిబావిరిన్‌ ఆపిన నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో మీ పాత అంకె దగ్గరికి రావాలి. రెండు నెలలు దాటినా రాకపోతే ఆ నింద ఇక మందు మీద వేయడానికి లేదు, కడుపులో రక్తస్రావం, ఇనుము లోపం, మూత్రపిండాలు ఒక్కొక్కటిగా చూడాలి. ప్లేట్‌లెట్లకు తొందరలేదు. నెలలు, ఒక్కోసారి ఏళ్లు తీసుకుని కొంత పెరుగుతాయి. సిరోసిస్‌ ముదిరినవారిలో లక్షన్నరకు ఎన్నడూ చేరకపోవచ్చు, అలా చేరనందుకు చికిత్స విఫలమైనట్టు కాదు. చికిత్స ఫలించిందా లేదా అని చెప్పేది వేరే పరీక్ష, మందులు ఆపిన 12 వారాలకు చేసే వైరస్‌ ఆర్‌ఎన్‌ఏ పరీక్ష. అందులో వైరస్‌ కనిపించకపోతే నయమైనట్టే. యాంటీబాడీ పరీక్ష మాత్రం ఆ తర్వాత కూడా పాజిటివ్‌గానే వస్తుంది. ఏ ఆపరేషన్‌కో ముందు చేసిన రక్తపరీక్షలో అది చూసి ఎవరైనా బెదరగొడితే ఆర్‌ఎన్‌ఏ రిపోర్టు చూపండి. రిబావిరిన్‌ వాడారు కనుక ఆపిన తర్వాత కనీసం ఆరు నెలలు మీ ఇంట్లో గర్భం రాకుండా జాగ్రత్తపడాలి. సిరోసిస్‌ ఉంటే ఆరు నెలలకొకసారి కాలేయం స్కాన్‌ మానకండి, వైరస్‌ పోయినా క్యాన్సర్‌ ముప్పు తగ్గుతుందే గాని పూర్తిగా పోదు.

మీ ఫైలులో చికిత్సకు ముందు తీయించిన మొదటి సీబీపీని పైనే ఉంచండి. అయిదేళ్ల తర్వాత మిమ్మల్ని ఎన్నడూ చూడని డాక్టరు 90,000 ప్లేట్‌లెట్లు చూసి ఉలిక్కిపడితే, అది పడిపోయిన అంకె కాదు, పెరిగిన అంకె అని ఆ కాగితమే చెబుతుంది.